నూటికి పది

“పప్పు బాగుంది,” అన్నాడు నరేంద్రబాబు.

రేవతి చేతిలో నెయ్యి చెంచా గాల్లోనే ఆగింది.

“ఏందీ?”

“పప్పు. బాగుందంటుండా.”

“దాంట్లో ఉప్పు లేదురా,” అంది పక్కన పీట మీద కూర్చుని తింటున్న అతని తల్లి చెంచులక్ష్మి. “నోట్లో పెట్టుకోగానే తెలిసింది నాకు. ఏదో పరధ్యానంలో మర్చిపోయిందిలే అని ఊరుకున్నా.”

రేవతి పప్పు ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాలిక్కి రాసుకుంది. నిజమే. ఉప్పు పడలేదు.

“పదిహేడేళ్ళుగా నా చేతి కూడు తింటుండావు. ఒక్కనాడు బాగుందని అన్న పాపాన పోలేదు. ఉప్పులేని పప్పుకి నోరు పెగిలిందా బావా నీకు?”

“బాగుందన్నా తప్పేనా?”

“ఎవురు అనమన్నారు?”

నరేంద్రబాబు అన్నం కలుపుతూ ఉండిపోయాడు. అతను మేనత్త కొడుకు. నిక్కర్లు వేసుకునే రోజుల నుంచి రేవతి ఎరిగిన మనిషి. ఏ మౌనం దేనికో ఆమెకు బాగా తెలుసు.

“ఆమే గదా? ఆ కరుణాకుమారి గారే గదా?”

“రోజుకొక మంచి మాట ఇంట్లో ఎవురికైనా చెప్పి చూడమనింది. ఒక వారం. అంతే.”

“అంటే నాకు చెప్పిన మాట కాదు ఇది. ఎల్లుండి గురువారం పోయి ఆమెకు అప్పజెప్పాల్సిన పాఠం.”

“రేవతీ...”

“నిన్న నా చీర రంగు బాగుందన్నావు. అది సోమవారం పాఠమా? నేనేమో పిచ్చిదాన్ని, అద్దంలో రెండుసార్లు చూసుకున్నా.”

“పోనీలే అమ్మే,” అంది చెంచులక్ష్మి మజ్జిగ పోసుకుంటూ. “మొగుడు బాగుందంటే సంతోషపడక రచ్చ ఎందుకు?” రెండు ముద్దలు తిన్నాక ఊరుకోలేకపోయింది. “అవున్రా నరేంద్రా, ఆమెకు పెళ్ళయిందా?”

“నాకు తెల్దు.”

“ఆరు వారాలుగా పోతుండావు, అది కూడా అడగలేదా?”

“అక్కడ అడిగేది ఆమె. నేను కాదు.”

“అదీ సంగతి,” అంది రేవతి. “ఆమె అడిగితే చెప్తాడు. మనం అడిగితే గోడ.”

అతను సగం అన్నంలో లేచి చెయ్యి కడుక్కున్నాడు. బండి తాళం తీసుకుని వరండాలోకి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. బండి తియ్యలేదు. గోడ గడియారం ఒంటి గంటన్నర చూపిస్తోంది.

రొయ్యల గుంటల దగ్గరికి రోజుకు నాలుగుసార్లు మాత్రమే వెళ్ళాలి. అదీ ఆమె చెప్పిందే. మేత వేసిన రెండు గంటలకు ట్రే పైకి లాగి చూడాలి, మేత తిన్నాయా, మిగిల్చాయా, రొయ్య చురుగ్గా ఉందా అని. ఆ నాలుగు వేళలు తప్ప గట్టు మీదికి పోకూడదు. రెండు నెలల కిందట అతను రోజుకు ఇరవైసార్లు పోయేవాడు. తింటున్న కంచం ముందు నుంచి లేచి పోయేవాడు. ఒకరోజు ఆ గట్టు మీదే ఊపిరాడక కూలబడ్డాడు. గుండెకేమో అని నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపోతే, గుండె రాయిలా ఉంది, ఆలోచనలకే ఊపిరాడటం లేదని చెప్పి ఆ డాక్టరే కౌన్సెలింగ్ చేసే కరుణాకుమారి గారి దగ్గరికి పంపించాడు.

తాళం గుప్పిట్లో బిగించి పట్టుకుని, గడియారం వైపు చూడకుండా ఉండటానికి అతను పడుతున్న అవస్థ రేవతికి వంటింటి గుమ్మం నుంచి కనిపిస్తోంది. నుదుటి మీద చెమట. కుడికాలు ఆగకుండా ఊగుతోంది.

ఇదే మాట తను ఎన్నిసార్లు చెప్పింది? కాళ్ళు పట్టుకుని చెప్పింది. ఏడ్చి చెప్పింది. బండి తాళం బియ్యం డబ్బాలో దాచింది. ఆమె ఒక్కసారి చెప్పింది, అతను కూర్చున్నాడు.

రెండు కొట్టగానే బండి చప్పుడైంది.

*

సాయంత్రం బిందు స్కూలు నుంచి వచ్చి మెట్ల మీద పుస్తకాలు పరుచుకుంది. పదో తరగతి. రేవతి పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తూ మాట దొర్లించింది.

“మీ నాన్న ఏదో పుస్తకంలో రాసుకుంటాడంటనే. చూసినావా నువ్వు?”

“దాంట్లో గీతలు గీసిందే నేను.”

“నువ్వా?”

“నా లెక్కల లాంగ్‌బుక్కు మిగిలిపోయింటే ఇచ్చినా. స్కేలు పెట్టి నాలుగు గడులు గీసినా. మొదటిదాంట్లో ఏం జరిగిందో రాయాల. రెండోదాంట్లో అప్పుడు మనసులో ఏమనుకున్నామో. మూడోదాంట్లో అది నిజమని నూటికి ఎంత నమ్ముతున్నామో. నాలుగోదాంట్లో, అట్టా కాకుండా వేరే కారణం ఏమన్నా ఉండొచ్చా అని. అది రాసినాక మళ్ళీ నూటికి ఎంత అని వేసుకోవాల.”

“ఇదంతా నీకు ఎవురు చెప్పినారు?”

“నాన్నే. యూనిట్ టెస్టులప్పుడు నేను కూడా ఒకటి చేసుకున్నా. ఫిజిక్స్‌లో తప్పుతానని తొంభై నమ్మినా. రాసేసరికి నలభైకి వచ్చింది.” బిందు నవ్వింది. “వచ్చింది ముప్పై ఎనిమిది మార్కులనుకో. అయినా తప్పలేదు గదా.”

రేవతికి నవ్వు రాలేదు. తండ్రీ కూతురూ కూర్చుని స్కేలు పెట్టి గడులు గీసుకున్నారు. తను ఆ పక్క గదిలోనే ఎక్కడో బట్టలు మడతపెడుతూ ఉండి ఉంటుంది.

“మీ నాయనమ్మకు కూడా తెలుసా?”

“నాయనమ్మకు చెప్తే విడవలూరు మొత్తానికి చెప్పినట్టే.”

“మరి నాకెందుకు చెప్పలా?”

బిందు పెన్ను మూత కొరికింది. “నువ్వు అడిగే పద్ధతి ఉందే అమ్మా...”

“ఏం పద్ధతి?”

“ఇదే,” అంది బిందు, మళ్ళీ పుస్తకంలోకి తల వంచుకుంటూ.

*

బుధవారం పొద్దున అతను మొదటి ట్రే చూడటానికి పోయాక, రేవతి బీరువాలో చొక్కాల అర తీసింది. తీసేటప్పుడు కూడా తనకు తాను చెప్పుకుంటూనే ఉంది, ఇస్త్రీకి ఇవ్వాల్సినవి చూస్తున్నానని. మేత లెక్కల ఫైళ్ళ కింద లాంగ్‌బుక్కు ఉంది. అట్ట మీద బిందు రాత, ‘లెక్కలు’ అని.

ఆమె వెతికింది తన పేరు కోసం. తన మీద చాడీలు ఉంటాయని, అవి ఆ నెల్లూరు ఆవిడ తీరిగ్గా చదువుకుని ఉంటుందని.

మొదటి పేజీల్లో చాడీలేమీ లేవు.

‘గుంటలో ఏరేటర్ల మోటార్ల శబ్దం తగ్గినట్టు వినిపించింది. కరెంటు పోయింది, రొయ్య పైకి తేలుతుంది. 95. గాలి అటు తిరిగి ఉండొచ్చు. 30.’

‘బిందు ఫోన్ ఎత్తలేదు. బస్సుకు ఏదో అయింది. 90. క్లాసులో ఉండొచ్చు. 5.’

‘ట్రేలో మేత కొంచెం మిగిలింది. రోగం వచ్చేసింది. 100. మబ్బు పట్టింది, మబ్బు రోజు తక్కువ తింటాయి. 50.’

పేజీల కొద్దీ ఇదే. ఇంత భయం మోస్తూ ఈ మనిషి తన పక్కన కూర్చుని అన్నం తింటున్నాడు, కొడవలి పదును పెట్టించాలంటున్నాడు, టీవీ సౌండు తగ్గించమంటున్నాడు. రేవతి ఆ అంకెలు మళ్ళీ ఒకసారి చదివింది. పుస్తకం మూసేద్దామనుకుంది కూడా.

అప్పుడే ఆ పేజీ తిరిగింది.

‘పోయిన పంట. పోవడానికి తొమ్మిది రోజుల ముందు రేవతి గట్టెక్కింది. అందుకే పోయింది. 80.’

ఆమె మంచం అంచు మీద కూర్చుంది.

పంట మీద ఉన్నప్పుడు ఆడవాళ్ళు గట్టెక్కకూడదని ఆ ఇంట్లో పెట్టుకున్న నియమం చెంచులక్ష్మిది. గేటు దాకా పోయి, క్యారేజీ కమ్మీకి తగిలించి రావాలి. పోయిన ఏడు పెళ్ళిరోజున రేవతి పులిబొంగరాలు వేడివేడిగా తీసుకుపోయింది. గేటు దగ్గర ఎవరూ లేరు. చల్లారిపోతాయని గట్టెక్కింది. అతను ఏమీ అనలేదు. ట్రే పైకి లాగి చూపించాడు. గాజు ముక్కల్లాంటి రొయ్యలు ఎగిరెగిరి ఆమె చీర మీద పడ్డాయి. ఇద్దరూ నవ్వుకున్నారు. అలాంటి గంట వాళ్ళకు ఎన్నో ఏళ్ళుగా దొరకలేదు.

తొమ్మిదో రోజు రొయ్యకు తెల్లమచ్చ రోగం వచ్చింది. గుంటంతా పోయింది. చెంచులక్ష్మి వీధిలో నిలబడి నోటికొచ్చినట్టు అంటుంటే, నరేంద్రబాబు ఆవిడ మీద మొదటిసారి అరిచాడు. “నోరు మూసుకో అమ్మా. అది నీళ్ళలో వచ్చిన రోగం. రేవతి మీద ఇంకొక్క మాట పడితే ఈ ఇంట్లో అన్నం తినను నేను.”

ఆ మాట రేవతి దాచుకుంది. ఏడాదిగా ఏ గొడవ వచ్చినా, ఎంత విసుక్కున్నా, లోపల ఆ మాట ఉంది కాబట్టి సర్దుకుంది.

ఆ మాట అన్న రోజున అతను ఎనభై నమ్ముతున్నాడు.

కింద నాలుగో గడిలో ఇంకా ఉంది. ‘కాలవ మీద ఏడు గుంటలు అదే వారం పోయినాయి. అందరికీ నీళ్ళు ఒకటే.’ ఆ పక్కన కొత్త అంకె. పది.

ఎనభైని పదికి దించింది ఎవరో రాయలేదు. రాయనక్కర్లేదు.

*

మధ్యాహ్నం అతను పెరట్లో కాళ్ళు కడుక్కుంటుండగా రేవతి పుస్తకం పట్టుకుని ఎదురుగా నిలబడింది.

“ఆ మిగిలిన పది ఎప్పటికి దిగుద్ది బావా?”

అతను చెంబు కింద పెట్టాడు.

“అది ఎందుకు తీసినావు?”

“ముందు నేనడిగింది చెప్పు.”

“అది నాది రేవతీ. ఈ ఇంట్లో నాదని చెప్పుకునే వస్తువు అదొక్కటే.”

“నేను నీదాన్ని కానా? నా మీద నీకున్న అనుమానం నాకంటే ముందు ఊరుగాని ఊళ్ళో ఉన్న ఆమెకు తెలియాలా? ఏడాది నాతో కాపురం చేసినావు. నేనేమో నా మొగుడు నా పక్షాన నిలబడినాడని...”

“నిలబడినా గదా.”

“ఎనభై మనసులో పెట్టుకుని!”

“అవును. పెట్టుకునే నిలబడినా.” అతను తువ్వాలు భుజాన వేసుకుని అరుగు మీద కూర్చున్నాడు. “మా అమ్మ ఆ మాట అనకముందే నాకు ఆ ఆలోచన వచ్చింది. రాకూడదని ఎంత తోసినా వచ్చింది. అప్పుడు నీకు చెప్పుంటే ఏం చేసేదానివి?”

“ఏం చేసేదాన్ని? అడిగేదాన్ని.”

“అడిగేదానివి కాదు. నువ్వు నూటికి నూరు నమ్మేదానివి. నా వల్లే పోయిందని గదిలో కూచునేదానివి. గుంట పోయిందంటే ఇంకో పంట వేసుకోవచ్చు. నువ్వు అట్టా కూచుంటే నాకు చేతనవదు.”

అతను చెప్పింది జరిగేదే. తను అలాగే కూర్చునేది.

“ఆమెకు చెప్తే ఏమనింది?”

“ఏమనలా. ఒకటే అడిగింది. ఆ వారం పోయిన ఏడు గుంటల వాళ్ళ భార్యలూ గట్టెక్కినారా అని.”

రేవతికి ఒక్కసారిగా నవ్వొచ్చింది. కాలవ అవతల గుంట పద్మనాభయ్యది. ఆయనకు భార్యే లేదు. ఆ నవ్వు నిలవలేదు. ఇంత చిన్న ప్రశ్న. ఆ ఏడుగురినీ తను ఎరుగును, వాళ్ళ ఇళ్ళన్నీ ఎరుగును. తను అడగాల్సిన ప్రశ్నను ముప్పై కిలోమీటర్ల అవతల కుర్చీలో కూర్చున్న పరాయి మనిషి అడిగింది.

“ఆమె చానా తెలివైందిలే,” అంది.

“రేవతీ, నాకు ఓపిక లేదు. రేపు పోవడం లేదు నేను. మన గుంటల కాడి దావీదు వాళ్ళ చెల్లెలి పెళ్ళికని పోతుండాడు, రేపు రాడు. మధ్యాహ్నం ట్రేలు చూసేవాళ్ళు లేరు. ఆ పై వారం కూడా పోను.” పుస్తకం ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. “ఇంక దీంట్లో రాసేది కూడా ఏం లేదు. నీ మనసు చల్లబడింది గదా.”

ఆరు వారాలుగా ఆమె కోరుకున్నదే అది. ఆ మధ్యాహ్నం అతను రెండింటి దాకా ఆగలేదు. ఒంటి గంటకే బండి తీశాడు. మూడింటికి మళ్ళీ. నాలుగున్నరకు మళ్ళీ. ఆరింటికి వచ్చి గుమ్మంలో నిలబడి, కాసేపు ఇంట్లోకి చూసి, చెప్పులు విడవకుండానే వెనక్కి తిరిగాడు.

“పాత నరేంద్ర వచ్చేసినాడు,” అంది చెంచులక్ష్మి, సంతోషమో భయమో ఆవిడకే తెలియనట్టు.

రేవతి పొయ్యి దగ్గర నిలబడి, కాగితం లేకుండా, మనసులోనే గడులు గీసుకోబోయింది. ఏం జరిగింది? నా సంగతి ఆమెకు చెప్పుకున్నాడు. ఏమనుకున్నాను? ఈ మనిషి నాకు మిగల్లేదని. ఎంత నమ్ముతున్నాను? నూరు. వేరే కారణం ఉండొచ్చా? నేను తట్టుకోలేనని దాచాడు.

మళ్ళీ ఎంత?

నిజాయితీగా చూసుకుంటే తొంభై. పది మాత్రమే దిగింది. ఆమె అనుకున్నంత తేలిక కాదు ఈ పని. మరి ఈ మనిషి ఎనభై నుంచి పదికి రావడానికి ఎన్ని గురువారాలు పట్టాయో, ఆ బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏం తోసుకుంటూ పోయాడో.

తన మంట మాత్రం చల్లారలేదు. ఆ నెల్లూరు ఆవిడకు పెళ్ళయిందో లేదో ఇప్పటికీ తెలుసుకోవాలనే ఉంది.

*

గురువారం పొద్దున నలుగురూ దోసెలకు కూర్చున్నారు. ఎనిమిదిన్నరకు నెల్లూరు బస్సు. నరేంద్రబాబు బనీను మీదే ఉన్నాడు. చొక్కా వేసుకోలేదు. రాత్రి సరిగా నిద్రపోలేదని కళ్ళే చెబుతున్నాయి. అప్పటికే రెండుసార్లు గుంటల దగ్గరికి పోయి వచ్చాడు.

“పోవా నాన్నా ఈ రోజు?” అంది బిందు.

“పోడులే,” అంది చెంచులక్ష్మి. “మన ఇంటి మాటలు మన ఇంట్లో ఉంటే చాలు. ఏమంటావే రేవతీ?”

రేవతి అతని కంచంలో దోసె వేసింది. తన కంచంలోనూ వేసుకుని కూర్చుంది. మామూలుగా అందరూ తిన్నాక తింటుంది. ముగ్గురూ ఆమె వైపు చూశారు.

“పోతాడు,” అంది. “ఈ రోజు ట్రేలు నేను చూస్తా.”

చెంచులక్ష్మి చేతిలో ముక్క కంచంలో పడింది. “ఏందీ? గట్టెక్కుతావా? అరవై రెండు రోజుల పంటమ్మే అది! ఒకసారి ఎక్కినందుకు...”

“ఒకసారి ఎక్కినందుకు ఏమైంది అత్తా? చెప్పు. వింటా.”

చెంచులక్ష్మి కొడుకు వైపు చూసింది. అతను తల ఎత్తలేదు.

“పదకొండుకు ఒక ట్రే, రెండింటికి ఒక ట్రే,” అంది రేవతి. “కాళ్ళు మందు నీళ్ళల్లో కడుక్కునే ఎక్కుతా. మేత మిగిలితే ఎంత మిగిలిందో రాసి పెడతా. సాయంత్రం నువ్వొచ్చి చూసుకో. అంతదాకా ఫోన్ చెయ్యొద్దు బావా. నేను ఎత్తను.”

“ఎత్తవా?”

“ఎత్తను. ఆమె దగ్గర కూచుని నా గురించి ఏం చెప్పుకుంటావో చెప్పుకో. నిన్న నేను పుస్తకం తీసింది కూడా చెప్పు. నాకు మంటగానే ఉంటుంది. ఉండనీ. నా మంట నేను చూసుకుంటా.”

“అమ్మా,” అంది బిందు మెల్లగా. రేవతి చెయ్యెత్తి ఆపింది.

నరేంద్రబాబు వేళ్ళు దోసె అంచు తుంచుతున్నాయి, నోటికి పోవడం లేదు. కుడికాలు పీట కింద ఊగడం మొదలుపెట్టింది. ఊపిరి పైపైనే ఆడుతోంది. అతని కళ్ళ ముందు ఏం కదులుతోందో రేవతికి తెలుసు. గట్టు, తన చీర కుచ్చెళ్ళు, తొమ్మిదో రోజు.

“బావా, నన్ను చూడు.”

చూశాడు.

“ఇప్పుడు ఎంత?”

“ఏది?”

“నేను గట్టెక్కుతానని చెప్పినాను. ఇప్పుడు నీకు నూటికి ఎంత?”

“దేనికి ఎంత? ఏం మాట్లాడుకుంటుండారు మీరిద్దరూ?” అంది చెంచులక్ష్మి.

అతను అబద్ధం చెప్పొచ్చు. సున్నా అనొచ్చు, పప్పు బాగుందన్నట్టు. ఆమె ఆ మాటకు కూడా సిద్ధపడే కూర్చుంది.

“డెబ్బై,” అన్నాడు.

రేవతి అనుకున్నదానికంటే ఎక్కువే అది. అయినా ఆ అంకె అతను వేరే ఎవరికీ చెప్పకముందు తనకే చెప్పాడు. తన ముఖంలోకి చూస్తూ చెప్పాడు.

“సరే,” అంది. “డెబ్బైతోనే బస్సెక్కు. నేను డెబ్బైతోనే గట్టెక్కుతా.”

ఎనిమిదీ పది అయింది. రేవతి తన కంచంలో దోసె తినడం ముగించి, లేచి చెయ్యి కడుక్కుని, గుమ్మం పక్కన మేకుకున్న గేటు తాళాలు తీసుకుంది. వెనక నుంచి అతని పీట జరిగిన చప్పుడు కోసం చెవులు రిక్కించింది. ఇంకా వినిపించలేదు.